పిల్లలకు పడవ రిగ్గింగ్, ముడులు: ఏది ముందు, ఏది తర్వాత

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ: 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలు ఎనిమిది మంది, నాలుగు ఆప్టిమిస్ట్ పడవలు (పిల్లల కోసం చేసిన చిన్న తెరచాప పడవలు), నేర్పడానికి ఇద్దరు పెద్దవాళ్ళు. గదిలో కూర్చోబెట్టి ముడులు నేర్పితే అక్కడ బాగానే వేస్తున్నారు, పడవ దగ్గరికి రాగానే చేతులు ఆడటం లేదు. ముడులన్నీ వచ్చాకే రిగ్గింగ్ (తెరచాప, తాళ్ళు అమర్చి పడవను సిద్ధం చేయడం) మొదలుపెట్టాలా? రిగ్గింగ్ ఏ వరుసలో చెప్పాలి?

ముడులు పూర్తయ్యేదాకా ఆగొద్దు. రెండూ పడవ దగ్గరే, కలిపే నేర్పండి. మొదటి రోజు రిగ్గింగ్ చెప్పకండి, సిద్ధంగా ఉన్న పడవను విప్పించండి. ముడులు నాలుగు చాలు: ఫిగర్ ఎయిట్, బోలైన్, రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్, రీఫ్ నాట్. జెట్టీ మీద క్లీట్లు (తాడు చుట్టే రెండు కొమ్ముల కొక్కేలు) ఉంటే క్లీట్‌కి తాడు చుట్టడం ఐదోది. ముడి వేయగలిగితే వచ్చేసినట్టు కాదు. వేసినది సరైనదో కాదో తనే చూసి చెప్పగలగాలి, తడిసి బిగిసిన ముడిని తనే విప్పగలగాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క.

గదిలో వచ్చిన ముడి పడవలో ఎందుకు రాదు

ఒళ్ళో తాడు పెట్టుకుని వేసేటప్పుడు తాడు ఎప్పుడూ పిల్లవాడి వైపుకే వస్తుంది, కొస ఎప్పుడూ కుడిచేతిలోనే ఉంటుంది. పడవలో అలా కుదరదు. పెయింటర్ తాడును (పడవను కట్టేయడానికి, లాగడానికి ముందువైపు ఉండే తాడు) మాస్ట్ థ్వార్ట్‌కి (తెరచాప స్తంభమైన మాస్ట్‌ను పట్టి ఉంచే అడ్డపట్టీకి) కట్టాలంటే ముందుకు వంగి, అడ్డపట్టీ కింద నుంచి కొస లాక్కుని, తాడు తన నుంచి దూరంగా పోతుండగా ముడి వేయాలి. చేతులకు అది పూర్తిగా వేరే పని. అందుకే మొదటి ముడి నుంచే ఏదో ఒక వస్తువు చుట్టూ వేయించండి. నడుమెత్తు రెయిలింగ్, పడవ థ్వార్ట్, ట్రాలీ పిడి, ఏదైనా సరే. ఒకసారి తాడు తన వైపుకి వచ్చేలా, ఇంకోసారి తన నుంచి పోయేలా.

సాధన తాడు 8 మి.మీ. మందం, మెత్తగా అల్లిన పాలియెస్టర్, ఒక్కొక్కరికి 1.5 మీటర్లు. పాలీప్రొపిలీన్ తాడు బిరుసుగా ఉంటుంది, వేసిన ముడి దానంతటదే విచ్చుకుంటుంది. తప్పు తాడుదని తెలియక పిల్లవాడు తనదే అనుకుంటాడు. డైనీమా అనే సింథటిక్ తాడు మరీ జారుడు. తెరచాప కట్టే 2–3 మి.మీ. సన్నదారాలతో మొదలుపెడితే 8 ఏళ్ళ వేళ్ళకు అందదు, చిక్కుముడి పడితే పెద్దవాళ్ళ గోళ్ళు కూడా ఓడిపోతాయి. తాడు ఒక కొసకు రంగు టేపు చుట్టండి. "ఎర్ర కొస పైనుంచి" అంటే అర్థమైనంత తేలిగ్గా "చివరి భాగాన్ని స్థిరభాగం మీదుగా" అంటే అర్థం కాదు.

చూపించేటప్పుడు ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమచేతి వాటం పిల్లలకు మాత్రం ఎదురుగా కూర్చుంటేనే మేలు, అద్దంలో చూసినట్టు చూసి వేసేస్తారు. వాళ్ళ బోలైన్ మీదానికి అద్దపు ప్రతిబింబంలా వస్తుంది. అది తప్పు కాదు, సరిదిద్దకండి.

నాలుగు ముడులు, ఒక్కొక్కటి ఎక్కడ తప్పుతుంది

*ఫిగర్ ఎయిట్.* మెయిన్‌షీట్ (తెరచాపను లాగి, వదిలే తాడు) కొస బ్లాక్ (కప్పీ) లోంచి జారిపోకుండా ఆపేది. కొసను తాడు మీదుగా తెచ్చి, వెనకనుంచి పూర్తిగా చుట్టి, ముందున్న లూప్ లోంచి తీయాలి. పిల్లలు ఒక సగం చుట్టు తక్కువ వేస్తారు. అప్పుడది మామూలు ముడి అవుతుంది. అది కూడా ఆపుతుంది, కానీ తడిసి బరువు పడ్డాక పీటముడిలా బిగుసుకుంటుంది. చూడగానే 8 అంకె కనపడాలి, కొస నాలుగు వేళ్ళ వెడల్పు మిగలాలి. దీన్ని మొదట నేర్పేది తేలికని కాదు. వేయగానే పడవలో దానికో ఉద్యోగం ఉంటుంది కాబట్టి.

*బోలైన్.* ఎక్కువ సమయం దీనికే పెట్టాలి. పెయింటర్‌ను పడవకు కట్టడానికి, తాడు చివర జారని లూప్ కావాల్సిన ప్రతిచోటా ఇదే. కుందేలు కలుగులోంచి బయటికొచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, మళ్ళీ కలుగులో దూరుతుందనే కథ అందరూ చెబుతారు. కథ బాగానే ఉంది, చిక్కల్లా కలుగు దగ్గరే. చిన్న లూప్ వేసేటప్పుడు కొస వైపు తాడు పైన ఉండాలి, బరువు పడే వైపు తాడు కింద ఉండాలి. తిరగేసి వేస్తే కుందేలు ఎంత బుద్ధిగా తిరిగినా లాగగానే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. కథ పొల్లుపోకుండా అప్పజెప్పిన పిల్లవాడి ముడి ఊడిపోయిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే. అందుకని మొదటి పది నిమిషాలు ముడి జోలికే పోకుండా "కలుగు" ఒక్కటే వేయించండి. వేయడం, చూపించడం, విప్పడం, మళ్ళీ వేయడం. అది చేతికి పట్టాక మిగతాది రెండు నిమిషాల పని.

వేశాక చూడాల్సినవి రెండు. కొస పెద్ద లూప్ లోపలివైపు ఉందా? కనీసం 10 సెం.మీ. మిగిలిందా? పొట్టి కొస వదిలితే తెరచాప కొట్టుకునే అదురుకి కొంచెం కొంచెంగా జారి ఊడుతుంది. మణికట్టు తిప్పి ఒక్క ఊపులో వేసే పద్ధతి పెద్దవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. పిల్లల ముందు వేయకండి, రెండో రోజు అందరూ గారడీ మొదలుపెడతారు, ముడి ఎవరికీ రాదు.

ఇంకో సంగతి తప్పకుండా చెప్పాలి: బరువు మీదున్న బోలైన్‌ను విప్పలేం. జెట్టీ స్తంభానికి బోలైన్‌తో కట్టిన పడవను గాలి లాగుతుంటే పిల్లవాడు దాన్ని వదిలించలేడు.

*రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్.* స్తంభానికో రింగుకో కట్టడానికి ఇది. బరువు పడుతుండగానే విప్పవచ్చు. తాడును స్తంభం చుట్టూ పూర్తిగా రెండుసార్లు పోనిస్తే ఆ రాపిడే పడవను ఆపేస్తుంది, పిల్లవాడు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తీరిగ్గా హాఫ్ హిచ్‌లు వేసుకోవచ్చు. ఈ సంగతి చెప్పడం కంటే చేయించడం మేలు: మీరు తాడు అటు కొస గట్టిగా లాగండి, వాడు ఇటు రెండు చుట్లు వేసి రెండు వేళ్ళతో పట్టుకోవాలి. మిమ్మల్ని ఆపేసిన ఆ రెండు వేళ్ళను ఇక మర్చిపోడు. సాధారణంగా వచ్చే తప్పు, రెండు హాఫ్ హిచ్‌లు చెరో దిశలో వేయడం. రెండూ ఒకే దిశలో పోవాలి.

*రీఫ్ నాట్.* తెరచాపను మాస్ట్‌కి, బూమ్‌కి (తెరచాప అడుగున ఉండే అడ్డకర్రకి) కట్టే చిన్న దారాలకు మాత్రమే. కుడిది ఎడమ మీద, తర్వాత ఎడమది కుడి మీద. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే వంకర ముడి అవుతుంది. కొసలు దారానికి అడ్డంగా నిలబడతాయి, జారుతుంది. సరిగ్గా వేస్తే ప్రతి కొసా తన దారం పక్కనే ఒద్దికగా పడుకుంటుంది. రెండు తాళ్ళను కలపడానికి దీన్ని వాడొద్దని అదే రోజు చెప్పేయండి. ఒక కొస పక్కకు లాగితే చాలు, ముడి తిరగబడి జారిపోతుంది. తాళ్ళు కలపాల్సి వచ్చినప్పుడు షీట్ బెండ్ అనే ముడి నేర్పవచ్చు, ఇప్పుడే తొందరలేదు.

క్లీట్ దగ్గర: తాడు ముందు దూరపు కొమ్ము వైపు పోవాలి, అడుగున ఒక చుట్టు, పైన ఒక ఎనిమిది ఆకారం, చివర ఒక్క లాకింగ్ మెలిక. పిల్లలు భయంకొద్దీ ఐదారు చుట్లు పేరుస్తారు. వేగంగా విప్పాల్సినప్పుడు ఆ గుట్టే శత్రువు.

విప్పడం ముందు ఎందుకు

మీరు రిగ్ చేసిన పడవను పిల్లలు విప్పితే, ప్రతి భాగం ఎక్కడ ఉండాలో, ఎంత బిగువుగా ఉండాలో ముందే చూస్తారు. తర్వాత తిరిగి పెట్టేటప్పుడు మనసులో ఒక బొమ్మ ఉంటుంది. పైగా విప్పడంలో విఫలమవడం అంటూ ఉండదు, మొదటి రోజే పని పూర్తిచేసిన తృప్తి మిగులుతుంది. రెండోసారి అంతా మీరు పెట్టి చివరి పని, అంటే చుక్కాని, వాళ్ళకు వదలండి. మూడోసారి చివరి రెండు. అలా వెనకనుంచి ముందుకు జరగండి. ఈ పద్ధతిలో ప్రతిసారీ పిల్లవాడు తనకు తెలియని చోట మొదలై తెలిసిన చోటికి చేరతాడు. ముందునుంచి నేర్పితే దీనికి తలకిందులు. సరిగ్గా అలసిపోయే వేళకు కొత్త పని ఎదురవుతుంది.

ఇక్కడ ఒక విభజన అవసరం. ఆప్టిమిస్ట్ తెరచాపను మాస్ట్‌కి, బూమ్‌కి దారాలతో కట్టడం వేరు, రోజూ పడవ సిద్ధం చేయడం వేరు. మొదటి నెల దారాలు మీరే కట్టి ఉంచండి. తెరచాపను మాస్ట్, బూమ్‌తో సహా చుట్టి దాచితే పిల్లలకు మిగిలేది రోజువారీ పనే. పడవ దేహం (హల్) దాదాపు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోలు. ట్రాలీ మీద ఇద్దరు పిల్లలు తోయగలరు, కానీ ఎత్తడానికి పెద్దవాళ్ళు ఉండాలి.

రోజువారీ వరుస

పడవ ముక్కు గాలికి ఎదురుగా. ఇది లేకపోతే తర్వాతివన్నీ పోరాటమే. పిల్లలనే అడగండి, గాలి ఎటునుంచి వస్తోందో చేయి చాపి చూపించమనండి. ఆ తర్వాత తల పైకెత్తి చూడటం: కరెంటు తీగలు ఉన్నాయా? మాస్ట్ లోహంది. తీగలు ఉన్నచోట రిగ్గింగే చేయకూడదు, తీగల కిందుగా ట్రాలీని తోయనూ కూడదు.

మూడు గాలి సంచులను అరచేత్తో నొక్కి చూడాలి, పట్టీలు లాగి చూడాలి. మెత్తగా ఉన్న సంచి అంటే బోల్తాపడ్డ తర్వాత నీళ్ళతో నిండి లేవని పడవ. అడుగున బిరడా ఉండే పడవైతే అది పెట్టడం ఇప్పుడే.

మాస్ట్‌ను నిటారుగా ఎత్తి థ్వార్ట్ రంధ్రంలోంచి దించి, కింద స్టెప్‌లో (మాస్ట్ అడుగు కూర్చునే గుంటలో) కూర్చోబెట్టాలి. వాల్చి దూర్చితే థ్వార్ట్ అంచు పగులుతుంది. కూర్చున్నాక మాస్ట్ క్లాంప్ లేదా భద్రతా తాడు బిగించాలి. మొత్తం రిగ్గింగ్‌లో పిల్లలు ఎక్కువగా మర్చిపోయేది ఇదే, ఖరీదైన మరమ్మతు తెచ్చేదీ ఇదే. ఒడ్డున మాస్ట్ తన బరువుతోనే నిలబడి ఉంటుంది కాబట్టి క్లాంప్ లేదని ఎవరికీ కనపడదు. పడవ తిరగబడితే మాస్ట్ సగం జారి, స్టెప్ నుంచి బయటపడి, లీవర్ లాగా థ్వార్ట్‌ను చీల్చేస్తుంది. పరీక్ష ఒక్కటే: మాస్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకి లాగాలి. కదలకూడదు.

తర్వాత స్ప్రిట్, అంటే తెరచాప పై వెనక మూలను (పీక్) ఎత్తిపట్టే ఏటవాలు కర్ర. దాని పై కొస ముందు తెరచాప పీక్ లూప్‌లోకి, ఆ తర్వాతే కింది కొస మాస్ట్ మీది తాడు లూప్‌లోకి. ఈ వేళ వ్యాంగ్ (బూమ్‌ను కిందికి లాగి పట్టే తాడు) వదులుగా ఉండాలి. వ్యాంగ్ బిగించేసి స్ప్రిట్ పైకి నెట్టాలని చూస్తే ఎంత బలమైన పిల్లవాడైనా నెట్టలేడు, "నా వల్ల కాదు" అంటాడు. బలం సమస్య కాదు, వరుస సమస్య.

బిగువు చూడటానికి ముడతలే గురువు. థ్రోట్ నుంచి క్లూ వైపు, అంటే మాస్ట్ పైమూల నుంచి బూమ్ వెనక కొసకు ఏటవాలు ముడత పడితే స్ప్రిట్ వదులు. పీక్ నుంచి టాక్ వైపు, అంటే స్ప్రిట్ కొస నుంచి మాస్ట్, బూమ్ కలిసే మూలకు ముడత పడితే ఎక్కువ బిగిసింది. 9 ఏళ్ళ పిల్లలు దీన్ని ఆశ్చర్యంగా తొందరగా పట్టేస్తారు, కావాలని తప్పుగా బిగించి రెండు ముడతలూ చూపించండి. స్ప్రిట్ తీసేస్తే తెరచాప పైభాగం మడత పడి గాలి బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. గాలి పెరిగినప్పుడు, మరో పడవ లాక్కెళ్ళేటప్పుడు చేయాల్సింది అదే. మొదటి వారంలోనే స్ప్రిట్ తీయడం చేతికి రావాలి.

మెయిన్‌షీట్ దగ్గర ర్యాచెట్ బ్లాక్ (ఒక వైపే తిరిగే కప్పీ) చూడండి. తాడు లోపలికి లాగుతుంటే టిక్ టిక్ మనాలి. లాగేటప్పుడు చక్రం తిరగక మొరాయిస్తోందంటే తాడు తిరగేసి దూర్చారు. పిల్లవాడికి మాత్రం "తెరచాప బరువుగా ఉంది" అనిపిస్తుంది, నీళ్ళలోకి వెళ్ళాక చేతులు నొప్పెట్టి ఏడుస్తాడు. కొసకు ఫిగర్ ఎయిట్. బూమ్ పూర్తిగా పక్కకు, పడవకు అడ్డంగా పోయేంత తాడు వదిలాకే ముడి పడాలి. దగ్గరగా వేస్తే గాలి వదలాల్సినప్పుడు తెరచాప వదలదు. ఒడ్డున ఉన్నంతసేపూ షీట్ వదులుగా ఉండాలి, దేనికీ కట్టకూడదు. గాలి పక్కనుంచి తిరిగితే ట్రాలీతో సహా పడవ పడిపోతుంది. షీట్‌ను చేతికి చుట్టుకోకూడదన్న నియమం కూడా ఇక్కడే చెప్పాలి, మినహాయింపు లేకుండా.

డాగర్‌బోర్డ్ (పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక), చుక్కాని, నీళ్ళు తోడే డబ్బా, తెడ్డు. ఇవన్నీ పడవలోపల, తమ తాళ్ళతో కట్టి. బోర్డు, చుక్కాని నీటి అంచున మాత్రమే అమర్చాలి. చుక్కాని పెట్టాక పైకి లాగి చూడాలి. క్లిప్ పడకపోతే బోల్తాపడ్డప్పుడు అది జారి పోతుంది. ఇక పెయింటర్: పోటీ నియమాల ప్రకారం నీటిపై తేలే తాడు, కనీసం 5 మి.మీ. మందం, 8 మీటర్ల పొడవు. పోటీ లేకపోయినా ఆ కొలతే పెట్టుకోండి, పొట్టి తాడుతో పడవను లాక్కెళ్ళడం కష్టం.

ఎనిమిది మందిని ఇద్దరు ఎలా చూసుకోవాలి

పడవకు ఇద్దరు: ఒకరు చేసేవారు, ఒకరు చూసేవారు. చూసేవారు ఊరికే నోటితో చెప్పకూడదు, వేలితో ముట్టుకుని చెప్పాలి. మాస్ట్ క్లాంప్ ముట్టుకుని "బిగిసింది", చుక్కాని క్లిప్ ముట్టుకుని "పడింది". చూపులతో చేసిన తనిఖీలో కళ్ళు తెరచాప మీదే ఉంటాయి, క్లాంప్ దగ్గరికి పోవు. తర్వాత స్థానాలు మార్చండి. తప్పు దొరికితే చూసేవారు సరిచేయకూడదు, చేసిన వాళ్ళతోనే చేయించాలి.

పెద్దవాళ్ళు ఒక్కొక్కరు రెండు పడవలు పంచుకోండి. మీ చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటు చేసుకోండి; ఈ సలహా హాస్యానికి కాదు. 8 ఏళ్ళ పిల్లవాడు రీఫ్ నాట్‌కి అర నిమిషం తీసుకుంటుంటే పక్కన నిలబడటం కష్టం, కానీ లాక్కుని మీరు వేసేస్తే రేపు కూడా మీరే వేయాలి. వేగపు పందేలు మొదటి నెల వద్దు. వేగం పెట్టగానే వంకర ముడులు, బిగించని క్లాంప్‌లు వచ్చేస్తాయి, అవే అలవాటైపోతాయి.

లైఫ్ జాకెట్ రిగ్గింగ్ మొదలుపెట్టకముందే వేసుకోవాలి, ఒడ్డున కూడా. నీటి అంచున పని ఉంది కాబట్టి.

కట్టే దారాల సంగతి రెండో నెలలో. వరుస: ముందు థ్రోట్ మూల, తర్వాత టాక్, ఆ తర్వాత మధ్యలోవి, చివర బూమ్ వెంబడి. మాస్ట్ మీద రెండు గీతల మధ్య తెరచాప గుర్తు ఉండాలి. మాస్ట్‌కి, తెరచాపకి మధ్య ఖాళీ నియమం ప్రకారం 10 మి.మీ. దాటకూడదు, 2–3 మి.మీ. ఉంటే చాలు, అన్నిచోట్లా ఒకేలా ఉండటం ముఖ్యం. ఒక దారం మిగతావాటికంటే బిగిస్తే అక్కడినుంచి ముడత లేస్తుంది. ప్రతి దారాన్నీ రెండు చుట్లు తిప్పి రీఫ్ నాట్ వేయిస్తే పట్టు నిలుస్తుంది.

తిరిగి వచ్చాక ముందు స్ప్రిట్ తీసేయాలి. బిగించి వదిలేస్తే తెరచాప గుడ్డ సాగుతుంది. ఉప్పునీళ్ళలో తిరిగిన పడవైతే తాళ్ళు, బ్లాకులు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు ఎండిన ముడి రాయిలా మారుతుంది. ఆరోజు వేసిన ముడులన్నీ, మెయిన్‌షీట్ కొస ఫిగర్ ఎయిట్‌తో సహా, పిల్లలతోనే విప్పించండి. బిగిసిన బోలైన్‌కి వెనకవైపు, తాడు చుట్టూ తిరిగిన ఆ చిన్న వంపును బొటనవేలితో ముందుకు విరిచినట్టు నొక్కితే వదులవుతుంది. పళ్ళతో లాగనివ్వకండి.